కాలువ దాటేదాకా

అంకాలమ్మ రోజూ తూరుపు తెల్లబడకముందే మేలుకుని, కోడలింకా లేవలేదేమని గొణుగుతూ ఉండేది. ఆ ఆదివారం గొణుగుడు వినపడకపోయేసరికి గురవమ్మ మొదట సంతోషించింది. పొయ్యి రాజేసి, గంజి కాచి, ఉప్పురాయి వేసి, గిన్నె పట్టుకుని అత్త మంచం పక్కన కూర్చున్నాక గానీ ఆ ప్రశాంతతకు కారణం తెలియలేదు. చెయ్యి పట్టుకుంటే తడి ఇసుకలా ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది, ఏదో అనబోయి సరే పోనీలే అనుకున్నట్టు. బతికుండగా ఆమె ఏనాడూ పోనీలే అనుకున్నది గురవమ్మ ఎరగదు.

గొంతులో ఏడుపు లేచింది. గురవమ్మ పైటకొంగు నోట్లో కుక్కుకుంది.

దిబ్బలపాళెంలో ఏడుపు ఇంటి సొంతం కాదు. మొదటి కేక వినపడగానే పక్కింటివాళ్ళు వస్తారు. వాళ్ళ వెనక ఊరు వస్తుంది. ఊరి కట్టుబాట్లు చూసే పెద్దకాపు మాలకొండయ్య డప్పు వేయిస్తాడు. డప్పు మోగాక తెప్ప నీళ్ళలోకి దిగదు, వల భుజానికెక్కదు, శవాన్ని మట్టి చేసేదాకా ఊళ్ళో మగవాడెవడూ కాలువ దాటడు. తూరుపున సముద్రం ఎట్లాగో, పడమర బకింగాం కాలువ అట్లా ఆ ఊరికి హద్దు. కాలువ దాటితేనే ముత్తుకూరు, ముత్తుకూరు చేరితేనే నెల్లూరు బస్సు. ఆ సాయంత్రం నెల్లూరులో మ్యాచి.

బయట వసారాలో పోలేరయ్య గోడకానుకుని కూర్చుని, చీలిన చూపుడువేలికి పాత వలతాడు చుట్టుకుంటున్నాడు. ఒక కొన పంటితో పట్టి, ఇంకో కొన లాగి బిగించి, పిడికిలి మూసి తెరిచి చూసుకుంటున్నాడు. దిబ్బలపాళెం ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపరూ అతనే, కెప్టెనూ అతనే. ఆ గోల్‌కీపరు పని మొదట్లో అతనికే నవ్వు తెప్పించింది. వెనక వల కట్టుకుని అందులో ఏదీ పడకుండా కాపలా కాయడమూ, వల ఖాళీగా ఉంటే పదిమందీ కౌగిలించుకుని గంతులేయడమూ సముద్రం మీద బతికే మనిషికి కొత్తే. అంకాలమ్మకు మాత్రం నవ్వు రాలేదు. ఖాళీ వల అన్న మాట ఇంట్లో వినపడితే తూ తూ అని ఊసేది.

ఆ రోజు వల ఖాళీగా ఉండాలి. అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. గోలు కొట్టకపోయినా, పడకుండా ఉంటే చాలు.

జిల్లా అసోసియేషను వాళ్ళు లీగును రెండు మెట్లు చేసి, పైమెట్టులో అడుగున మిగిలిన జట్టు కిందికి దిగాలి, కిందిమెట్టులో ముందు నిలిచిన జట్టు పైకెక్కాలి అని రూలు పెట్టినప్పుడు టౌను క్లబ్బులన్నీ చప్పట్లు కొట్టాయి. దిగేది ఎదుటివాడేనని ఎవరి ధీమా వాళ్ళది. తీరా చూస్తే మొదటి ఏడే పినాకినీ క్లబ్బు అడుగున తేలింది. దాని ప్రెసిడెంటు రైసుమిల్లు రంగనాయకులు గారు. ఆ ఏడు వర్షాల వల్ల ఆటలు సవ్యంగా సాగలేదనీ, కనక ఎవరూ దిగనక్కర్లేదనీ, ఎవరూ దిగనప్పుడు ఎవరూ ఎక్కడానికీ వీల్లేదనీ తీర్మానమైంది. వర్షం దిబ్బలపాళెం మీదా పడింది. అయినా వాళ్ళు కిందిమెట్టులో మొదట నిలిచారు, నిలిచినచోటే ఉండిపోయారు. మళ్ళీ ఇంకో ఏడు ఆడి, మళ్ళీ మొదట నిలిచి, అప్పుడెక్కారు. ఇప్పుడు ఈ ఏడు పైమెట్టులో అడుగున కొట్టుకుంటున్నవి రెండే జట్లు, పినాకినీ, దిబ్బలపాళెం. పినాకినీకి ఒక పాయింటు తక్కువ. ఈ చివరి మ్యాచి ఆ రెంటి మధ్యే. సమంగా ముగిస్తే దిబ్బలపాళెం నిలుస్తుంది, రంగనాయకులు గారి క్లబ్బు దిగుతుంది. ఈసారి ఆకాశంలో మబ్బు తునక లేదు.

గురవమ్మ గంజి గిన్నె కింద పెట్టింది. అత్త గడ్డం కిందుగా చెయ్యి పెట్టి నోరు మూసింది. అది మళ్ళీ తెరుచుకుంది. చిన్న గుడ్డ మడత పెట్టి గడ్డానికీ గుండెకూ మధ్య దోపింది. కళ్ళు మూసింది. దుప్పటి మెడదాకా లాగి, ముఖం గోడవైపు తిప్పింది. ఈ పనులన్నీ చేతులు చేశాయి. చేతుల్ని ఆమె ఆపలేదు, అంతే.

పోలేరయ్య లోపలికొచ్చాడు. పొడుగాటి మనిషి, గడప దగ్గర వంగి నడుము ఎత్తకుండానే మంచం దాకా వచ్చాడు.

"నిద్రపోతా ఉండాదా?"

"రేయంతా దగ్గింది. ఇప్పుడే కన్నంటుకుంది. లేపబాక," అంది గురవమ్మ. తన గొంతు తనకే పక్కింటావిడ గొంతులా వినపడింది.

అతను మంచం చివర మోకాళ్ళ మీద కూర్చుని, దుప్పటి కింద నుంచి తల్లి పాదాలు రెండూ పట్టుకున్నాడు. పెద్ద ఆటకు పోయే ముందు అలా పట్టుకోవడం అతని అలవాటు. మామూలుగా అయితే పట్టుకుని కళ్ళకద్దుకుని లేచిపోతాడు. ఆ రోజు కాసేపు తల వంచుకుని అట్లాగే ఉన్నాడు. ఆటను గురించి మొక్కుకుంటున్నాడేమో అనుకుంది గురవమ్మ.

అతను లేచాడు. తల్లి కాళ్ళ మీద దుప్పటి సరిచేశాడు. బనీను, నిక్కరు చుట్టిన గుడ్డసంచి భుజాన వేసుకున్నాడు.

"ఒక ముద్దన్నా తిని పో మావా. ఆటలో కళ్ళు తిరుగుతాయి."

"వద్దులే," అన్నాడు పోలేరయ్య. ఆమె ముఖం వైపు చూడలేదు.

అతను ఇసుకదిబ్బ ఎక్కి అవతలికి దిగేదాకా గురవమ్మ గుమ్మంలోనే నిలబడింది. తరువాత చేపలు తోమే కత్తిపీట తెచ్చి వసారాలో ముందేసుకుంది. నిన్నటి కానాగంత చేపలు నాలుగు ఉన్నాయి. పొలుసు గీకుతూ కూర్చుంది. ఇంట్లో శవం పెట్టుకుని చేపలు తోమేది తానొక్కతేనేమో లోకంలో అనుకుంది. చేతికి పని లేకపోతే నోరు ఊరుకోదని తెలుసు.

మస్తానమ్మ నిప్పు కోసం వచ్చింది. ఊళ్ళో పురుళ్ళకైనా శవస్నానాలకైనా ఆమే పెద్దదిక్కు. రోజూ పొద్దున్నే పిడక ముక్క పట్టుకుని నిప్పుకొచ్చి, దానికి తోడు ఊరి కబుర్లన్నీ చెప్పి, వెళ్ళేటప్పుడు నిప్పు మరిచిపోయి పోయే మనిషి. ఆ రోజూ వసారాలో చతికిలబడింది. మగపిల్లలంతా కాలువకేసి పోయారనీ, చిన్నపోలయ్య పెళ్ళాం మొగుడి సంచిలో నిమ్మకాయ వేస్తే, దాన్ని వాడు దారిలోనే ఉప్పేసుకు తినేశాడనీ చెప్పింది. ఆ కబురుకు గురవమ్మ నవ్వాలి. నవ్వింది.

"మీ యత్త లేవలా?"

"లేవలా."

మస్తానమ్మ మెడ సాచి లోపలికి చూసింది. గోడవైపు తిరిగిన తలను చూసింది. దుప్పటి మీద వాలిన ఈగను చూసింది. ఈగ కదలలేదు, దుప్పటీ కదలలేదు. అప్పుడు గురవమ్మ చేతుల్ని చూసింది. పొలుసంతా పోయి చేప తోలు చిరుగుతున్నా కత్తిపీట మీద చెయ్యి ఆడుతూనే ఉంది.

మస్తానమ్మ మెల్లగా లేచింది.

"పడవ ఇంకా ఇవతలి గట్టునే ఉండాది. సరంగు కోసం చూస్తా ఉండారు," అంది, ఎటో చూస్తూ. "నేను దిబ్బ మీదికి పోయి పుల్లలేరుకుంటా. దాటినాక ఒక కేక వేస్తాలే, మేకను అదిలించినట్టు."

పిడక ముక్కతో దిబ్బవైపు నడిచింది. గురవమ్మ చేపను వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అత్త పక్కన కూర్చోవాలని ఉంది, కానీ కూర్చుంటే ఏడుపు ఆగదు. వసారాలోనే ఉంది. అంకాలమ్మ తనను తిట్టిన తిట్లు ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంది, ఏడుపు రాకుండా ఉంటుందని. ఆ తిట్లే ఎక్కువ ఏడిపించేట్టున్నాయి.

దిబ్బ మీద నుంచి "హేయ్, పో" అని కేక వినపడింది. అక్కడ మేకలు లేవు.

అవతలి గట్టు దాటాక సరుగుడు తోట ఉంది, తోటలో దారి ఉంది. గాలి తూరుపు నుంచి పడమరకు కొడుతోంది. ఏడుపును గాలి మోసుకుపోతుందేమోనని గురవమ్మ ఇంకా ఆగింది. ఆఖరికి లోపలికి పోయి, మంచం పట్టెమీద తల పెట్టి, ఇక ఏడవచ్చు అనుకున్నప్పుడు ఏడుపు రాలేదు. అంతసేపూ తలుపు తోసి, తీరా తలుపు తీస్తే కనపడని మనిషిలా అయింది ఆ ఏడుపు. పిలవాల్సి వచ్చింది. "అత్తా" అని పిలిచింది, మళ్ళీ పిలిచింది, గొంతు చించుకుని పిలిచింది. ఆ పిలుపే ఊరికి ఏడుపుగా వినపడింది.

డప్పు మోగింది. సముద్రంలోకి పోబోతున్న రెండు తెప్పలు వెనక్కు వచ్చాయి. కొడుక్కి కబురు చెయ్యమని మాలకొండయ్య ఒక మనిషిని పరుగెత్తించాడు. ఆ మనిషి కాలువ ఇవతలి గట్టు దాకా పరుగెత్తి, డప్పు మోగాక తానూ దాటకూడదని అక్కడ గుర్తొచ్చి, తిరిగొచ్చాడు. కొడుకు మర్నాటికి వస్తాడు గదా, వచ్చాకే మట్టి చేద్దామన్నారు పెద్దలు.

ఆడవాళ్ళు స్నానానికి ఎత్తబోతే అంకాలమ్మ మోచేతులు వంగలేదు. నీళ్ళు పోస్తున్న ఒకామె చేయి ఆగిపోయింది. ఇప్పుడే పోయిన మనిషేనా అంది, మెల్లగా. మస్తానమ్మ చెంబు ఆమె చేతిలోంచి లాక్కుంది.

"ముసలి ఎముకలు. పైగా సముద్రపు గాలి. బతికుండంగానే వంగేది కాదు ఆమె, ఇప్పుడు వంగుద్దా?"

నలుగురూ నవ్వాపుకున్నారు. ఆ నవ్వుతో పాటే అనుమానం కూడా పోయిందనుకుంది గురవమ్మ.

మర్నాడు వస్తారనుకున్న జట్టు ఆ రోజే, ఎండ ఇంకా నెత్తిన ఉండగానే వచ్చేసింది. డప్పు చప్పుడు కాలువ మీదే విన్నారట, పడవలోంచి దూకి మోకాళ్ళ నీళ్ళలో నడిచి వచ్చారు. పోలేరయ్య అందరికంటే వెనక వచ్చాడు. తొందరపడలేదు. వాకిట్లో జనాన్ని చూసి కూడా ఏమైందని అడగలేదు. లోపలికి పోయి తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. అతనికి ముందే కబురు అందిందేమో అనుకున్నారు అందరూ. పడవవాడు చెప్పుంటాడని ఒకరికొకరు చెప్పుకున్నారు.

మ్యాచి జరగలేదని చిన్నపోలయ్య చెప్పాడు. అతను పోలేరయ్య లేనప్పుడు గోల్లో నిలబడే మనిషి. పోలేరయ్య ఏనాడూ లేకుండా ఉండడు కనక ఎప్పుడూ నిలబడలేదు. గ్రౌండుకు పోయేసరికి రంగనాయకులు గారి తండ్రి పొద్దున ఎనిమిదింటప్పుడు కాలం చేశారని చెప్పారట. ముసలాయనకు ఫుట్‌బాలంటే ఏమిటో తెలియదు గానీ, ప్రెసిడెంటు తండ్రి గదా. సెక్రటరీ రెండు జట్లనూ గ్రౌండు మధ్యలో నిలబెట్టి, రెండు నిమిషాలు మౌనం పాటించమన్నాడు. మ్యాచిని బుధవారానికి వాయిదా వేశాడు.

"మేమంతా తల వంచుకుని ఎప్పుడు అయిపోద్దా అని నిలబడుకోనుంటే, పోలేరన్న ఏడస్తా ఉండాడు," అన్నాడు చిన్నపోలయ్య, గొంతు తగ్గించి. "కళ్ళెంబడి నీళ్ళు ధార. పినాకినీ వాళ్ళలో ఒక్కడు ఏడవలా. సెక్రటరీ వచ్చి భుజం తట్టినాడు, ముసలాయన మీకు ఎరికా అని. పడవలో వచ్చేటప్పుడు నేను ఎగతాళి చేసినా, మిల్లులో నీకేమన్నా వాటా ఉందా అన్నా అని." అతను కళ్ళు తుడుచుకున్నాడు. "పాపం, మనసుకు ముందే తెలిసుంటది."

మనసుకు తెలుస్తుందని ఆడవాళ్ళందరూ ఒప్పుకున్నారు. గురవమ్మ మొగుడి వీపు వైపు చూసింది.

పొద్దు వాలేలోపల అంకాలమ్మను దిబ్బ వెనక మట్టి చేశారు.

సోమవారం మాలకొండయ్య స్వయంగా నెల్లూరు పోయాడు. కర్మ పట్టిన కొడుకు పెద్దదినం దాకా కాలువ దాటకూడదు. ఊళ్ళో మిగతావాళ్ళకు ఆ కట్టు లేదు. కానీ పోలేరయ్య లేని జట్టు తెడ్డు లేని తెప్ప. పెద్దదినం అయ్యాక మ్యాచి పెట్టమని అడగడానికి పోయాడు పెద్దకాపు. సాయంత్రం వలల కొట్టం ముందు అందరినీ కూర్చోబెట్టి జరిగింది చెప్పాడు.

సెక్రటరీ మర్యాదగానే మాట్లాడాడట. కుర్చీ వేయించాడు, కాఫీ తెప్పించాడు, సానుభూతి తెలిపాడు. ఒక మ్యాచికి ఒకేసారి వాయిదా అని రూలు ఉందని చెప్పాడు. ఆ ఒక్క వాయిదా రంగనాయకులు గారి తండ్రి వాడేసుకున్నాడు.

"మా ముసలామె కూడా ఆ రోజే పోయింది గదా స్వామీ అన్నా," చెప్పాడు మాలకొండయ్య. "దానికాయన, ఎవరి కబురు ముందొస్తే వాయిదా వాళ్ళది పెద్దాయనా, మీదే ముందొచ్చుంటే మీరడిగిన రోజే పెట్టుండేవాణ్ణి అన్నాడు. చావులో కూడా ముందు పోయినోడిదే మాట. మన అంకాలమ్మ ఆయనకంటే ఒక గడియ ముందు పొయ్యుంటే సరిపోయేది."

జనంలో కొందరు నిట్టూర్చారు. ఆడవాళ్ళ మధ్య కూర్చున్న గురవమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. గడియ కాదు, మూడు గంటల ముందే పోయింది అంకాలమ్మ. ముసలాయన నిద్ర లేవకముందే పోయింది. తాను తెల్లారుజామునే నోరు తెరిచుంటే డప్పు మోగేది. మోగితే ఎవరూ కాలువ దాటకపోయినా, అవతలి గట్టున పోయేవాళ్ళెవరితోనన్నా కబురు పోయేది. వాయిదా దిబ్బలపాళెందే అయ్యేది. జట్టును నిలబెట్టాలని నోట్లో కుక్కుకున్న కొంగే జట్టును దించుతోంది. ఆ సంగతి తెలిసింది ఊళ్ళో ఇద్దరికి, తనకూ మస్తానమ్మకూ. మస్తానమ్మ నేల మీద గీతలు గీస్తూ తల ఎత్తలేదు.

మాలకొండయ్య గొంతు సవరించుకున్నాడు. బుధవారం పోలేరయ్య లేకుండానే జట్టు పోవాలి, చిన్నపోలయ్య గోల్లో నిలబడతాడు, దేవుడి దయ అన్నాడు. అయితే పంపే ముందు ఒక మాట తేలాలన్నాడు. పాడె కట్టిన వెంకయ్య ఒక సంగతి చెప్పాడట, శవం కొయ్యబారి ఉందని. అంటే జట్టు కాలువ దాటే పొద్దుకే ప్రాణం పోయిందేమోనని. అదే నిజమైతే ఇంట్లో శవం ఉండగా జట్టంతా కాలువ దాటినట్టు. అట్లాంటి తప్పు జరిగితే ఏడాది పాటు ఊరి పేరు మీద ఏ ఆటకూ ఎవరూ కాలువ దాటకూడదు. దాచిన మనిషి ఊరి ముందు నిలబడి ఒప్పుకోవాలి.

"ఈ మాట నాకూ ఇష్టంగా లేదు," అన్నాడు మాలకొండయ్య. "కానీ అడక్కుండా బుధవారం పంపితే, రేపు సముద్రం మీద ఏదన్నా జరిగితే నన్నంటారు."

సముద్రపు నీళ్ళ కడవ తెచ్చి మధ్యలో పెట్టారు. ఆ కడవలో చెయ్యి ముంచి చెప్పిన మాటకు ఊళ్ళో తిరుగు లేదు. అబద్ధం చెప్పి మళ్ళీ తెప్ప ఎక్కినవాణ్ణి గంగమ్మ చూసుకుంటుందని నమ్మకం. గురవమ్మ లేచింది. తానే పోయి చెయ్యి ముంచి ఉన్నది చెప్పేద్దామని లేచింది. మస్తానమ్మ ఆమె చీరకొంగు పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. ఈలోపు పోలేరయ్య గుండుతో, భుజం మీద తడి తువాలుతో లేచి కడవ ముందు కూర్చున్నాడు. కుడిచెయ్యి మణికట్టు దాకా నీళ్ళలో పెట్టాడు. వేలికి చుట్టిన వలతాడు ఇంకా అట్లాగే ఉంది.

"నువ్వు పొయ్యేటప్పుడు మీ యమ్మ బతికుండిందా?"

"ఉండింది."

"నీకెట్టా తెలుసు?"

"నాతో మాట్లాడింది."

"ఏమనింది?"

కడవలో నీళ్ళు కదిలాయి.

"ఒక ముద్దన్నా తిని పో, ఆటలో కళ్ళు తిరుగుతాయి అనింది," అన్నాడు. గొంతు చివర్లో కొంచెం వణికింది. "నేను వద్దులే అన్నా."

తల్లి ఆఖరి మాట అదేనని విని ఆడవాళ్ళు ముక్కులు చీదారు. మాలకొండయ్య తువాలుతో ముఖం తుడుచుకుని, చాల్లే నాయనా లే అన్నాడు. వెంకయ్య కూడా తల ఊపాడు. మాట తేలిపోయింది. బుధవారం జట్టు పోతుంది.

ఆ మాటలు ఎవరివో గురవమ్మకు తెలుసు. ఏ మంచం పక్కన, ఏ గొంతుతో అన్నవో తెలుసు. చల్లబడిన పాదాలు పట్టుకుని అతను అంతసేపు తల వంచుకుని ఉన్నది ఎందుకో, రైసుమిల్లు ముసలాయన కోసం గ్రౌండు మధ్యలో నిలబడి ఏడ్చింది ఎవరి కోసమో, అప్పుడు తెలిసింది. తెలిసే పోయాడు. ఆమె దాచింది అతని కోసం. ఆమె దాచిందని తెలిసీ అతను దాచింది ఆట కోసమో, ఆమె కోసమో, అది మాత్రం తెలియలేదు.

ఇంటికొచ్చాక అతను తొట్టి దగ్గర కూర్చుని మంచినీళ్ళతో కుడిచెయ్యి కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. గురవమ్మ చెంబు అందుకుని నీళ్ళు పోసింది. ఆ సంగతి ఎత్తితే మొదట ఎత్తాల్సింది తానేనని ఇద్దరికీ తెలుసు.

బుధవారం పొద్దున జట్టు పోయింది. ఆట ముగిసేసరికి ముత్తుకూరుకు బస్సు ఉండదు కనక ఆ రాత్రి టౌనులోనే పడుకుని గురువారం వస్తారు. ఆ రోజంతా పోలేరయ్య వల బాగుచేస్తూ కూర్చున్నాడు. చిరగని చోట కూడా కుట్టాడు. సాయంత్రం ఆట మొదలయ్యే వేళకు లేచి నిలబడ్డాడు. పొద్దు గుంకేదాకా మళ్ళీ కూర్చోలేదు. వల మధ్యలో, కాళ్ళు ఎడంగా పెట్టి, చేతులు కొద్దిగా ముందుకు చాచి, పడమటికేసి చూస్తూ నిలబడ్డాడు. దారిన పోయేవాళ్ళు కర్మ పట్టిన మనిషి కదా అని పలకరించకుండా పోయారు. గురవమ్మ వసారాలోంచి చూస్తూ ఉంది.

గురువారం ఎండెక్కేలోపలే అతను కాలువ గట్టుకు పోయాడు. దాటకూడదు గానీ గట్టు దాకా పోవచ్చు. గురవమ్మ సరుగుడు పుల్లలేరుకునే నెపం మీద వెనకే పోయింది. అవతలి గట్టున తోటలోంచి మనుషులు ఒక్కొక్కరే వచ్చి పడవెక్కారు. గెలిచినప్పుడు పడవలోకి దూకుతారు, సరంగు తిడతాడు. ఆ రోజు అందరూ వరసగా, జాగ్రత్తగా ఎక్కారు. సరంగుకు తిట్టడానికి ఏమీ దొరకలేదు. చిన్నపోలయ్య అందరికంటే చివర, ఇవతలి గట్టుకు వీపు పెట్టి కూర్చున్నాడు.

పడవ ఆగింది. ఒక్కొక్కరే దిగి, పోలేరయ్య భుజం మీద చెయ్యి వేసి తీసి, దిబ్బవైపు పోయారు. కిందిమెట్టుకు పోయామని ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. చిన్నపోలయ్య దిగలేదు. పోలేరయ్యే నీళ్ళలోకి రెండడుగులు దిగి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఒకటే పడిందన్నా," అన్నాడు చిన్నపోలయ్య. "అంతసేపూ ఆపినా. ఒట్టు, అంతసేపూ ఆపినా. ఆఖర్లో పడింది."

"ఎట్టా వచ్చింది?"

"కార్నరు. వాళ్ళ పొడుగోడు తలతో కొట్టలా, వదిలేసినాడు. నేను పైకి చూస్తా ఉండా. అది ఎవుడి కాలికో తగిలి, నేల మీద దొర్లతా నా ఎడమ పక్కకు..."

మాట పూర్తి కాకముందే పోలేరయ్య కదిలాడు. నడుము ఎడమకు వంగింది, మోకాలు మడత పడింది, రెండు చేతులూ నీళ్ళకు జానెడు ఎత్తులో వచ్చి కలుసుకున్నాయి. లేని బంతిని వేళ్ళు పట్టి పొట్టకు హత్తుకున్నాయి. అంతా రెప్పపాటు. వేళ్ళు మూసుకున్నాక గానీ తాను ఏం చేశాడో అతనికి తెలియలేదు. నెమ్మదిగా లేచి, చేతులు రెండూ వెనక్కు పెట్టుకున్నాడు.

చిన్నపోలయ్య తల దించుకుని ఉన్నాడు, చూడలేదు. పుల్లల కట్ట నెత్తిన పెట్టుకోబోతున్న గురవమ్మ చూసింది.

"వేళ్ళకు తగిలిందన్నా. తగిలి పోయింది. నువ్వుంటే..."

"నేనుండినా పొయ్యేదే," అన్నాడు పోలేరయ్య.

"నిజంగానా?"

"కాలికి తగిలి తిరిగిన బంతిని ఎవుడాపగలడురా? నేనూ పైకే చూస్తా ఉందును. నీ మాదిరే పడేది."

చిన్నపోలయ్య తలెత్తి అతని ముఖంలోకి చూశాడు. ఇంకా నమ్మలేదు. నమ్మాలని మాత్రం ఉంది.

"గంగమ్మ తోడు," అన్నాడు పోలేరయ్య.

అప్పుడు చిన్నపోలయ్య నమ్మాడు. బనీను ఎత్తి ముఖం తుడుచుకుని, పడవ దిగి, దిబ్బవైపు నడిచాడు. నాలుగడుగులు వేశాక అతని నడక కూడా కొంచెం తేలికైంది.

గురవమ్మ కట్ట ఎత్తుకుని మొగుడి పక్కగా పోతూ ఆగలేదు. కడవ ముందు వణికిన అతని గొంతు ఈసారి ఎక్కడా వణకలేదు.